చెప్పులు విడిచే చోటు

మా తోటికోడలు కమలాబాయిని నేను అక్కా అనే పిలిచేదాన్ని. భారీ మనిషి. ఆర్మూరుకు కోడలై వచ్చిన ఇన్నేళ్లలో శివుడి గుడి ఉన్న సిద్ధులగుట్ట సగం మెట్లు దాటి ఎక్కలేదు. ఎలాగైనా తన కాళ్లతో పైదాకా వెళ్లాలని ఆమె కోరిక.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో ఆమెకు షుగర్ బయటపడింది. నిజామాబాద్ డాక్టరమ్మ మాత్రలు రాసి, రోజూ చెమట పట్టేదాకా నడవమంది. బాల్కొండ వైద్యుడు సాయన్న మెంతులు, ఉసిరి, పసుపు కలిపిన పొడి ఇచ్చాడు. "నడవకుంటే నా పొడి పనిజెయ్యదమ్మా" అని ఆయనా అదే మాట అన్నాడు.

పొడికి అక్క భర్త, అడ్తి మీద పసుపు కొని అమ్మిపెట్టే మా బావ అంబదాస్ అడ్డు చెప్పలేదు. నడక దగ్గరే వచ్చింది చిక్కు. "అడ్తి సేటు పెండ్లాం పొద్దుగాల్నే రోడ్లు పట్టుకొని తిరిగితే బజార్ల మంది నవ్వరా? గంత నడవాల్నంటే మన గోదాం లేదా?" అన్నాడు. ఆయన పరువుకు ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈసారి మా అక్క ఆరోగ్యం వచ్చింది.

అలా అక్కా, ఆమెకు తోడుగా నేనూ గోదాంలో పసుపు కుప్పల చుట్టూ నడక మొదలుపెట్టాం. మా ఇళ్లలో పసుపున్న చోటికి చెప్పులతో వెళ్లరు. గడప బయటే విడిచి వట్టి కాళ్లతో నడిచేవాళ్లం. ఎండిన కొమ్ములు నాకు ముళ్లలా గుచ్చుకునేవి.

"చెప్పులేసుకుందాం అక్కా" అన్నాను ఒకరోజు.

బావ విననే విన్నాడు. "చెప్పులతోని లచ్చిమిని తొక్కుతరా?" అని కళ్లెర్రజేశాడు.

"నాకేం గుచ్చుకుంటలేదు వసుమతీ. నువ్వే నాజూకుదానివి" అని అక్క నవ్వింది. తన కాళ్లు గట్టివనే అనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

నడక మాత్రం కలిసొచ్చింది. రవికలు వదులయ్యాయి. ఆయాసం పోయింది. పరీక్షలో షుగర్ తగ్గిందని తెలిసిన రోజు అక్క నా చెయ్యి పట్టుకుని, "శివరాత్రికి గుట్ట మీదికి పోదాం. మెట్ల మీద కూసుంటే నన్ను గుంజుకపోవాలె, ఇడువద్దు" అంది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేనెన్నడూ చూడలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున నడుస్తుంటే, ఆమె వెనక బండల మీద ఎర్రటి తడి కనబడింది. కూర్చోబెట్టి కాలు ఎత్తి చూశాను. పాదమంతా పచ్చటి దుమ్ము. తుడిస్తే అరికాలిలో విరిగిన కొమ్ము ముక్క, దాని చుట్టూ చీము. ఎప్పటిదో పుండు. అక్కకు నొప్పే లేదు.

దవాఖానకు పోదామన్నాను. బావ కొత్త బస్తా విప్పి మంచి కొమ్ములు ఏరి ఇచ్చాడు. "ఊరందరికి మన పసుపే పోతది. మనింటి పుండుకు దవాఖానెందుకు?" అన్నాడు. నూరి, కట్టు కట్టాం. రోజూ కొత్త పసుపు వేశాం. పైన పచ్చగానే ఉంది. లోపల ఏమవుతోందో ఎవరికీ కనబడలేదు.

జ్వరమొచ్చాక నిజామాబాద్ తీసుకెళ్లాం. డాక్టరమ్మ కట్టు విప్పి, పసుపు కడిగి చూసింది. "షుగరున్నవాళ్లకు పాదాల్లో నొప్పి తెలియదు. వట్టి కాళ్లతో నడవమని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

మోకాలి కింద కాలు తీసేశారు.

శివరాత్రి ముందురోజు బావ బజారు నుంచి మెత్తటి చెప్పులు తెచ్చాడు. గోదాంలో బస్తా మీద కూర్చున్న అక్క ముందు జతగా పెట్టాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదనుకుంటాను. మనిషి ఏడుస్తున్నాడు.

అక్క వాటిని చూసింది. "గప్పుడు తేకపోతివి" అంది మెల్లగా. తర్వాత చేతికర్రతో వాటిని నా వైపు జరిపింది. "నువ్వేసుకో వసుమతీ. నడువు. నేను జూస్త."

వేసుకున్నాను. ఏడుస్తూనే కుప్పల చుట్టూ నడిచాను. చెప్పుల కింద పసుపు కొమ్ములు పటపట విరిగాయి. ఎవరూ వద్దనలేదు.