పప్పు ఉడికిన ఇల్లు

నేను ఒక అల్యూమినియం కుక్కర్‌ని. రేకును అచ్చులో పెట్టి గట్టిగా ఒక్క నొక్కు నొక్కితే పుట్టాను. అలాంటి అచ్చులు చేసే పనివాడి ఇంటికే చేరడం నా అదృష్టం. అతని పేరు సుదర్శన్. పెళ్లిలో వాళ్ల మేనత్త నన్ను చదివించింది.

నగరంలో కార్ఖానాల సందులో వాళ్లది అద్దె ఇల్లు. అక్కడ సున్నం దిగిన బోరు నీళ్లు. నేను ఎన్ని కూతలు కూసినా కందిపప్పు పలుకులు పలుకులుగానే ఉండేది. మనుషులు చిత్రమైనవాళ్లు. నీళ్లు తేటగా కనిపిస్తే చాలు, వాటిని అనుమానించరు, గిన్నెను అనుమానిస్తారు. సుదర్శన్ భార్య స్వరూప నా రబ్బరు మార్చింది, విజిల్ మార్చింది, చివరికి నా మీద ఆశే వదులుకుంది. "నీకు పప్పు ఉడకబెట్టుడు చాతకాదే" అని రోజూ తిట్టేది. ఆవిరి తప్ప నాకు వేరే జవాబు తెలియదు.

అప్పుడే ఊరవతల కొత్తగా పెట్టిన కార్ఖానా నుంచి సుదర్శన్‌కు పిలుపు వచ్చింది. యజమాని జీతం పెంచి చూసినా, పని తెలిసినవాళ్లు అంత దూరం రావడం లేదట. సుదర్శన్‌కు మాత్రం వెళ్లాలని ఉంది. లారీల మోత లేకుండా ఒక్క రాత్రి నిద్రపోతే చాలనేవాడు. స్వరూప ఒప్పుకోలేదు. "ఆ అడవిల ఏముంటది? పలకరిస్తే పలికేటోడు ఉండడు" అంది. సోమవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. ఆదివారం వెళ్లి అక్కడొక అద్దె ఇల్లు చూసి రావడానికి మాత్రం తలూపింది. అదీ దారిలో గిన్నెల అంగట్లో నన్ను పాతసామాను కింద ఇచ్చేసి, కొత్త కుక్కర్ తెచ్చుకోవచ్చని. అలా నేనూ సంచిలో బయల్దేరాను. ఆదివారమని అంగడి తెరవలేదు. నా ఆయుష్షును ఒక తాళంకప్ప నిలబెట్టింది.

ఇంటివారు నరహరి గారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక పై వాటా బోసిగా ఉండటం చూడలేక అద్దెకు పెట్టారు. ఆయన ముందుగా అద్దె మాట ఎత్తలేదు. కిటికీలు తెరిచి, వీధి చివర బడినీ, వేపచెట్ల కింద జనం నడిచే దారినీ చూపించారు. స్వరూప అన్నీ చూసింది గానీ ముఖం విప్పలేదు. "నీళ్లెట్లుంటయి సార్?" అని ఒక్కటే అడిగింది.

"కాలనీవాళ్లమంతా కలిసి ఏటా పూడిక తీసుకునే బావి నీళ్లమ్మా. పప్పు వెన్నలా ఉడుకుతుంది."

"ఇల్లు కిరాయికిచ్చేటోళ్లందరు గట్లనే అంటరు."

ఆయన నొచ్చుకోలేదు. నవ్వుతూ కింద తన వంటింట్లోకి తీసుకువెళ్లి, కందిపప్పు డబ్బా ఆమె చేతికిచ్చారు. నేను సంచిలోంచి బయటికి వచ్చాను. సుదర్శన్ గడపలో నిలబడిపోయాడు. కొత్త అచ్చులోంచి మొదటి ముక్క తీసేటప్పుడు ఎలా ఊపిరి బిగబడతాడో, అలాగే బిగబట్టాడు.

కూతలు అయ్యాయి. ఆవిరి పోయాక స్వరూప మూత తీసింది. గరిటె అలా తగిలిందో లేదో, పప్పు మెత్తగా కలిసిపోయింది. నమ్మకం కుదరక మళ్లీ కలిపి చూసింది. తర్వాత నా అంచును కొంగుతో తుడిచి, "ఇన్నేండ్లు దీన్ని ఉత్తగనే తిట్టిన" అంది మెల్లగా. భర్త వైపు తిరగకుండానే, "ఫోన్ చేసి చెప్పు, వస్తున్నమని" అంది.

నరహరి గారు ఇంకా పొయ్యి వైపే చూస్తున్నారు. "ఈ వంటింట్లో కుక్కర్ కూత విని చాలా కాలమైందమ్మా" అన్నారు. ఆ పూట ముగ్గురూ ఆ పప్పుతోనే అన్నం తిన్నారు.

ఇప్పుడు నగరంలో సుదర్శన్‌తో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే భార్యలతో ఇళ్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లు అద్దె అడిగే ముందు నా మూత తీసి చూస్తారు. వీళ్లందరినీ రప్పించింది తానిచ్చే జీతమేనని యజమాని మురిసిపోతున్నాడట. మురవనివ్వండి. జీతం నెలకోసారి వస్తుంది. పప్పు రోజూ ఉడకాలి.

నా అడుగు నల్లబడింది, పిడి వదులైంది. అయినా నన్ను మార్చే మాట ఈ ఇంట్లో వినబడదు. రోజూ ఒక గిన్నెడు పప్పు కిందికి వెళ్తుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. కరివేపాకో, రెండు నిమ్మకాయలో మోసుకొస్తుంది. నేను చివరి కూత కూయగానే కింద వరండాలో కుర్చీ జరిగిన చప్పుడవుతుంది. నరహరి గారు చేతులు కడుక్కోవడానికి లేచారన్నమాట.