ఎండిపోని కొలొంబా

నా భార్య ఎర్సీలియా ఆసుపత్రిలో చేరినప్పుడు, రొట్టెలు పొంగడానికి ఆమె వాడే 'తల్లిపిండి'ని ఎదురింటి ఒరేస్తె చేతుల్లో పెట్టాను. పెళ్లయిన ఏడాది నుంచి రోజూ ఇంత పిండి, ఇన్ని నీళ్లు పెట్టి ఆమె బతికించుకున్న పులిసిన ముద్ద అది. ఈస్టరుకు పావురం ఆకారంలో కాల్చే తియ్యరొట్టె, కొలొంబా, ఆమె దాంతోనే చేసేది. ముద్దను గుడ్డలో చుట్టి తాడుతో గట్టిగా కట్టేది. గుడ్డ మూలన ఎర్రదారంతో ఆమె పేరులోని మొదటి అక్షరం ఉండేది.

"నువ్వెళ్లి ఆమె పక్కన కూర్చో ప్రొఫెసరూ. దీని సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు ఒరేస్తె. ట్రాము నడిపి రిటైరైన మనిషి. వంటింట్లో నాకంటే చాలా నయం.

ఆమె అంత్యక్రియలయ్యాక వెళ్లి ముద్ద అడిగాను. అతను తల దించుకున్నాడు.

"చచ్చిపోయింది ప్రొఫెసరూ. బూజు పట్టేసింది. నీకెలా చెప్పాలో తెలీలేదు."

అతని బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాను. అతను గ్లాసులో వైను పోసి ఇచ్చాడు. ఆ చలికాలమంతా ఆమె నాకు రెండుసార్లు దూరమైనట్టుండేది.

ఈస్టరునాడు పూజ అయ్యాక ఒరేస్తె చేసిన కొలొంబాను చర్చిలో అందరికీ పంచారు. ఫాదరు మెచ్చుకున్నారు, ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒరేస్తె సగం రొట్టె కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "దుకాణంలో కొన్న ఈస్టుతోనే చేశాలే. ఇంకేముంది నా దగ్గర."

ఆ రోజు నాకు దేని రుచీ తెలియలేదు. ఓ ముక్క తిని, మిగతాది బల్లమీద మూతపెట్టి మర్చిపోయాను.

దుకాణం ఈస్టుతో చేసినది మర్నాటికే బిరుసెక్కుతుంది. మూడోనాటికి పాలలో ముంచుకోవడానికి తప్ప పనికిరాదు. తల్లిపిండితో చేసినదైతే వారమైనా మెత్తగానే ఉంటుంది. ఇది మా మిలాన్‌లో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. అందుకే గురువారం పాలు కాచుకుని, రొట్టె కోయబోయాను. కత్తి మెత్తగా దిగిపోయింది. వేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా పైకి లేచింది. విరిచి వాసన చూశాను. కోసిన ఆపిల్ పండులాంటి సన్నటి పులుపు. అది మా వంటింటి వాసన.

పాలు పొయ్యిమీదే వదిలేసి, మళ్లీ వచ్చి పొయ్యి ఆపి, ఎదురింటికి వెళ్లాను.

"నీ కొలొంబా ఇంకా మెత్తగానే ఉంది, ఒరేస్తె."

"బాగుందన్నమాట. మరి మొహం అలా పెట్టావేం?"

"దుకాణం ఈస్టు గురువారం దాకా ఆగుతుందా?"

అతని భార్య లీదియా గిన్నెలు తుడుస్తూనే భర్తతో అంది. "ఆయనకు మాత్రం ఇవ్వొద్దన్నానా లేదా? పెద్ద మనసు చూపించుకోవాలి కదా నీకు."

అంటే ఆవిడకూ తెలుసు.

"నీకిచ్చుంటే ఏం చేసేవాడివి?" అన్నాడు ఒరేస్తె. "గుడ్డు ఉడకబెట్టడం రాదు నీకు. వారంలో చంపేసేవాడివి. నేను బతికించా."

"చచ్చిపోయిందన్నావు."

"అన్నాను." బల్ల అంచు పట్టుకున్నాడు. "ఇన్నేళ్లు ట్రాము నడిపా. దిగేటప్పుడు ఒక్కడూ నా మొహం చూళ్లేదు. ఇప్పుడు చర్చిలో పేరు పెట్టి పిలుస్తున్నారు."

"ఆ పేరు ఎర్సీలియాది."

అతను ఫ్రిజ్ తెరిచి మూట తెచ్చి బల్లమీద పెట్టాడు. గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. ముడి అచ్చం ఆమె వేసినట్టే ఉంది. అశ్రద్ధ చేసి ఉంటే నాకు కోపం రావడం తేలికయ్యేది.

ముడి విప్పి, ముద్దను కోసి, సగం అతని గిన్నెలో వేశాను. రెండో సగాన్ని గుడ్డలో చుట్టుకున్నాను.

"మరి నాకు గుడ్డ?"

"మీ ఇంట్లో గుడ్డల్లేవా? ఇకమీద ఎవరైనా అడిగితే ఇది ఎవరిదో చెప్పు."

చెప్తానని అతను అనలేదు.

ఇంటికొచ్చి, ఆమె చేసినట్టే గోరువెచ్చని నీళ్లలో పంచదార కలిపి ముద్దను వదిలాను. అడుగుకు పోయింది. బతికున్న ముద్దైతే కాసేపటికి పైకి తేలాలి. అంతలో తలుపవతల అడుగుల చప్పుడైంది.

"ప్రొఫెసరూ, నీళ్లు మరీ వేడిగా పెట్టకు. చచ్చిపోద్ది."

చెయ్యి పెట్టి చూశాను. కాస్త వేడిగానే ఉన్నాయి. చల్లనీళ్లు కలిపాను. చాలాసేపటికి ముద్ద ఒక పక్కకు ఒరిగి, పైకి తేలింది. అతను ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడని తెలుస్తూనే ఉంది. నేను తలుపు తీయలేదు.