మూడో గుండీ

కాలరు అయింది, చేతులు అయ్యాయి, ఇక మిగిలింది గుండీల వరుస. ఇస్త్రీ పెట్టె మొనను గుండీకీ గుండీకీ మధ్య దూర్చి, దేన్నీ తాకకుండా వెనక్కి తీయడం ఈ చర్చిలో తనకు తప్ప ఎవరికీ చేతకాదని ఇస్త్రీ అమ్మ నమ్మకం. ఇరవై రెండేళ్లుగా ఫాదర్ల తెల్ల అంగీలు ఉతికి, గంజి పెట్టి, ఊడిన గుండీలు కుట్టి ఇస్తోంది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు తనే పలకదేమో.

మూడో గుండీ దగ్గర పెట్టె ఆగిపోయింది.

నాలుగు రంధ్రాల గుండీని ఆవిడ ఎప్పుడూ రెండు నిలువు గీతలుగా కుడుతుంది. ఇది ఇంటూ గుర్తులా ఉంది. అడుగున దారం మూడు చుట్లు చుట్టి బిగించారు. వీధి చివరి ఆసుపత్రి నర్సు కోటుకు గుండీలన్నీ ఇలాగే ఉంటాయి. ఆ కోటూ ఇస్త్రీకి ఇక్కడికే వస్తుంది. గుండీ కుట్టిస్తే పాపమా అని ఆవిడ తనతో తనే వాదించుకుంది. కానీ మొన్న ఒంటరిగా ప్రార్థన చేసుకోవాలని చెప్పి ఇప్పటి ఫాదర్ ఏ ఊరు వెళ్లొచ్చాడో, అదే ఊరికి రెండు బస్సు టికెట్లు నర్సు కోటు జేబులో దొరికాయి. ఇక వాదన నిలవలేదు.

మధ్యాహ్నం బిషప్ ఆఫీసు నుంచి పెద్ద ఫాదర్ వస్తాడు. ఏడాదికోసారి పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, చెప్పాల్సింది ఏమైనా ఉందా అని అడుగుతాడు.

పధ్నాలుగేళ్ల కిందట ఆవిడ జవాబు చెప్పింది. అప్పటి ఫాదర్ అంగీ మీద ఎప్పుడు చూసినా పొడుగాటి వెంట్రుకలు దొరికేవి. చెప్పింది నిజమే, ఆయనా ఒప్పుకున్నాడు. సాయంత్రానికల్లా సంచితో పంపించేశారు. మూడు నెలలకు శవమై వచ్చాడు. ఏమైందని ఎవరూ అడగలేదు. చివరి అంగీ ఆవిడే తయారుచేసింది. ఏడుస్తూ చేసిందేమో, గంజి చిక్కగా పెట్టేసింది. బతికున్నన్నాళ్లూ ఆయన అడిగింది ఒక్కటే: "గంజి తగ్గించమ్మా, మెడ కోసుకుపోతోంది."

అప్పటినుంచీ గంజి గిన్నె ముందు కూర్చుంటే వెనకనుంచి ఆ మాట వినబడుతుంది. ఆవిడ తిరిగి చూడదు. ఎవరూ ఉండరని తెలుసు, ఉంటారేమోనని భయం. ఈరోజు మరీ చెవి పక్కనే వినబడింది.

కత్తెర తీసి గుండీ ఊడదీసింది. సూదిలో దారం ఎక్కడానికి నాలుగుసార్లు పట్టింది. దేవుడి ముందు నిలబడేవాడు అబద్ధంలో నిలబడ్డాడు. తెలిసీ నోరు మూసుకుంటే తనకూ అందులో పాలుంటుంది. అయినా ఇంకో శవానికి గంజి పెట్టే శక్తి తనకు లేదు. రెండు నిలువు గీతలు కుట్టి ముడి కొరికేసింది.

"చెప్పాల్సింది ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు పెద్ద ఫాదర్.

"ఏముంటుందండీ. సబ్బు నాసిరకంది ఇస్తున్నారు, అంతే."

ఆయన నవ్వి, సబ్బు సంగతి రాసుకున్నాడు.

ఆవిడ తిరిగొచ్చేసరికి ఫాదర్ ఆ అంగీ తొడుక్కుని ఇస్త్రీ గదిలో నిలబడి ఉన్నాడు. వేలు మూడో గుండీ మీద ఉంది.

"ఇది మీరు కుట్టారా అమ్మా?"

"ఊడేలా ఉంటే కుట్టాను."

"ఊడేలా లేదు." గుండీ మీంచి వేలు తీశాడు. "ఆయనకేం చెప్పారు?"

"సబ్బు గురించి చెప్పాను."

"నాకోసం మీరు అబద్ధమాడాల్సొచ్చింది."

"ఒకసారి నిజం చెప్పాను ఫాదర్ గారూ. ఆ ఫాదర్ గారు ఇంకా ఈ గదిలోనే ఉన్నారు."

అతను గంజి గిన్నె వైపు చూశాడు. ఆ కథ అతనికీ తెలుసు.

"అయితే నేనే చెప్పుకుంటాను," అన్నాడు. "ఒకరు పంపిస్తే వెళ్లడం కాదు, నా కాళ్లతో నేనే వెళ్తాను."

పెద్ద ఫాదర్ గది తలుపు గంటసేపు మూసే ఉంది. ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకొస్తూ చూసేసరికి, అతను మామూలు చొక్కాలో గేటు దాటుతున్నాడు. రోడ్డు అవతల నర్సు సంచితో నిలబడి ఉంది. ఇద్దరూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. ప్రాణాలతో వెళ్తున్నాడు, అనుకుంది ఆవిడ. ఏడుపు ఆగలేదు.

గదిలోకి వచ్చి గిన్నె ముందు కూర్చుంది. వెనకనుంచి ఆ మాట మళ్లీ వినబడింది. పధ్నాలుగేళ్లలో మొదటిసారి తిరిగి చూసింది.

ఎవరూ లేరు. బల్ల మీద అంగీ మడతపెట్టి ఉంది. దానికి మూడో గుండీ లేదు. ఎవరి చేతి గుర్తుగా పట్టుకెళ్లాడో ఆవిడకు తెలియలేదు. గుండీ ఉండాల్సిన చోట ఆవిడ పొద్దున కుట్టిన తెల్లదారం తెగిన కొసలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.