పొట్టేళ్ళను వదిలే ముందు శనివారం

ఆగ్నెస్ మౌన్సీ ఏడాదిన్నర ముందే ఉత్తరం రాసింది. రాజకుటుంబంలో ఒకరిని ఊరికి పిలవాలంటే నేరుగా పిలవకూడదు. కౌంటీలో రాజుగారి తరఫున ఒక పెద్దమనిషి ఉంటాడు, ఆయన ద్వారా వెళ్ళాలి. ఎంతమంది వస్తారు, యువరాణి ఎక్కడ నిలబడాలి, బాత్రూము ఎంత దూరం, అన్నీ రాసిచ్చింది.

పిలిచింది మా గొర్రెకాపర్ల కూటానికి. కొండమీద మా మందల మధ్య కంచెల్లేవు. వేసవంతా కలిసిపోయి మేస్తాయి, ఒకరివి ఇంకొకరి మందలో చేరతాయి. నవంబరు రెండో శనివారం అలా తప్పొచ్చినవాటిని అందరం తోలుకొస్తాం. చెవి కోతా, ఉన్ని మీది రంగూ, ఏ మందకి ఏ గుర్తో అచ్చేసిన గుర్తుల పుస్తకంతో సరిచూసి ఎవరివి వాళ్ళకిచ్చేస్తాం. ఆ తరవాత పబ్బులో మాంసం, బంగాళదుంపల కుండకూర.

మా తాతల నాడు రెండొందల మంది వచ్చేవారు. పోయినేడు పంతొమ్మిది మంది. మూడిళ్ళు సెలవులకొచ్చే పట్నంవాళ్ళ అద్దెకొంపలయ్యాయి. ఆగ్నెస్ తాత, తండ్రి కూటానికి కార్యదర్శులు, ఇప్పుడు ఆమె. "నా చేతిలో ఇది ఆగిపోతే వాళ్ళ సమాధుల దగ్గరకి ఏ మొహంతో పోను?" అని నాతో ఒకసారి అంది. యువరాణి వస్తే జనం వస్తారని ఆశ.

సెప్టెంబరులో జవాబొచ్చింది. యువరాణి గారు తప్పక వస్తారు. నవంబరు ఇరవయ్యారు, గురువారం, నలభై నిమిషాలు.

పబ్బు వంటింట్లో కూర్చున్నాం.

"ఇరవయ్యిన పొట్టేళ్ళని ఆడగొర్రెల్లోకి వదులుతాం కదమ్మా," అన్నాడు విల్ఫ్ బర్కెట్. ఎనభై ఏళ్ళవాడు, మా లోయలో పెద్ద మంద ఆయనది.

"ఒక్క వారం ఆపలేవా, విల్ఫ్ మామా?"

"నేనాగుతాను. యువరాణి గారొచ్చేదాకా సన్యాసం పుచ్చుకోమని పొట్టేలుకి నువ్వు చెప్పు."

అందరం నవ్వాం. ఆగ్నెస్ నవ్వలేదు. అడిగింది తెలియక కాదు. పొట్టేళ్ళని ఆపితే ఈతలు వెనకబడతాయి. ఆపకపోతే తప్పిపోయిన గొర్రెలు పరాయి మందలో, పరాయి పొట్టేలుకి చూలు కడతాయి.

"రెండు పెడదాం," అన్నాడు పబ్బు నడిపే కీత్. "పద్నాలుగున మనది. ఇరవయ్యారున ఆవిడది. మన గొర్రెల్నే తలా రెండు మార్చుకుని ఆవిడ ముందు తిరిగిచ్చుకుందాం. ఆవిడకేం తెలుస్తుంది?"

"ఆవిడ గుర్రాల్ని పెంచిన మనిషిరా. నీకంటే తెలుసు," అన్నాడు విల్ఫ్.

ఆగ్నెస్ మాత్రం పెన్సిలు తీసి, గొర్రెల్ని తెచ్చేవాళ్ళ పేర్లు రాయడం మొదలెట్టింది. విల్ఫ్ పేరు దగ్గర ఆగి తలెత్తింది.

"పరాయి గొర్రెను నాదని ఏనాడూ అనలేదు," అన్నాడాయన నెమ్మదిగా. "నాదాన్ని పరాయిదని ఎందుకనాలి? అయినా నువ్వడిగితే తెస్తానమ్మా. ఆ రోజు గుర్తుల పుస్తకం మాత్రం బల్లమీద పెట్టకు. దాని ముందు నావల్ల కాదు."

ఆగ్నెస్ రాసిన కాగితం మడిచి పొయ్యిలో పడేసింది.

రాజుగారి ప్రతినిధి ఆఫీసుకి మర్నాడు మళ్ళీ రాసింది: తేదీ మా చేతిలో లేదు, ఏ ఏడైనా రెండో శనివారం యువరాణి గారు రావచ్చు, వేరే పిలుపు అక్కర్లేదు. అక్కణ్ణుంచి ఒకాయన ఫోను చేశాడు.

"యువరాణి గారిని వద్దంటున్నారా?"

"ఆవిణ్ణి కాదు నాయనా, గురువారాన్ని."

పద్నాలుగున వాన. ఇరవై ఒక్కరం పోగయ్యాం. సాయంత్రానికి దొడ్డిలో ఒక్క గొర్రె మిగిలింది. పక్క లోయ జాస్పర్ డాబ్సన్‌ది. నాలుగేళ్ళుగా అతను రావడంలేదు. ఎందుకని ఎవరం అడగలేదు, పిలవనూ లేదు.

గొర్రెను ట్రాలీలోకి ఎక్కించి, ఆగ్నెసూ నేనూ కొండ చుట్టూ పదకొండు మైళ్ళు వెళ్ళాం. జాస్పర్ తలుపు తీసి, గొర్రెను చూసి, దాని చెవి తడిమాడు.

"దీనికోసం ఇంతదూరం వచ్చారా?"

"నువ్వు రాలేదుగా," అంది ఆగ్నెస్. "వచ్చే ఏడు నువ్వే వచ్చి తీసుకో."

అతను గొర్రెను దొడ్డిలోకి తోలి, గడియ పెట్టి, వానలోనే నిలబడ్డాడు.

"ఇంకా రెండో శనివారమేనా?"

"అదే," అంది.