కృతజ్ఞత కూడిక

"ఇంకా పప్పు ఉడకలేదా?"

గరిటె పట్టుకునే వెనక్కి తిరిగి చూసింది హెలెన్. వంటింటి గుమ్మంలో ఎవరూ లేరు. అత్తగారు సంపూర్ణమ్మ వీధరుగు మీద పక్కింటామెతో మాట్లాడుతోంది. అంటే ఇది ఆ గొంతే. మళ్ళీ వచ్చింది.

ఆ గొంతు ఏమంటుందమ్మా అని విజయవాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "పప్పు ఉడకలేదా అంటదండి. పొద్దస్తమానం ఇంట్లో ఏం చేస్తున్నావంటది" అని హెలెన్ చెబితే, రాస్తున్న పెన్ను ఆపి ఆమె ముఖంలోకి చూసింది. కిందటి వానాకాలం హెలెన్‌ని కాలువలో మెడలోతు నీళ్ళ దాకా నడిపించింది ఆ గొంతే. నెల్లాళ్ళు మాత్రలు పడ్డాక సద్దుమణిగింది. పెళ్ళయ్యాక తన ఆలోచన తనకు వినిపించడం అదే మొదలు.

"మాత్ర ఒక్కపూట కూడా మానకూడదు. నెలనెలా తీసుకురండి. ఇంట్లో ఎవరైనా కనిపెట్టి చూసుకోవాలి" అని చెప్పి పంపింది డాక్టరమ్మ. భర్త ఫిన్నీ "అలాగేనండీ" అని తలాడించాడు. బస్సు దిగి ఉయ్యూరులో ఇంట్లో అడుగుపెట్టేసరికి పొద్దుటి అంట్లు ఆమె కోసమే కాచుకుని ఉన్నాయి. మరి ఆమెను చూసుకునేదెవరు? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

పాస్టరుగారు తలకు నూనె రాసి ప్రార్థన చేసిన సాయంత్రమే సంపూర్ణమ్మ మాత్రలు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "స్వస్థత అయిపోయిందిగా. ఇంకా మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే." మానమని పాస్టరుగారు అనలేదు, ఆయన్ని ఎవరూ అడగనూ లేదు. సంపూర్ణమ్మ చెడ్డది కాదు, నిజంగానే నమ్మింది. హెలెన్‌కి భయం వేసింది అందుకే.

మాత్రలు ఆగిన పన్నెండో రోజున ఫిన్నీ అన్నాడు: "రేపు ఆదివారం కూడికలో సాక్ష్యం చెప్పు. ఆసుపత్రి మాటెత్తమాక. ఒంట్లో బాలేదు, ప్రభువు బాగుచేశాడను, చాలు. పరువు తియ్యమాక."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట్లో మాట చెల్లనిదానికి రచ్చే దిక్కు. ఆదివారం కూడికలో పాస్టరుగారు మైకు అందించగానే హెలెన్ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. అత్తగారు సరిగ్గా వెనక చాప మీదే ఉంది.

"ప్రభువుకు స్తోత్రం. నాకు లేని గొంతు వినపడుద్దండి. నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉన్నా. దేవుడు నాకు నెమ్మదిచ్చింది ఆ మాత్రలతోనే. అవి మా అత్తయ్య బీరువాలో ఉన్నాయి. గొంతు మళ్ళీ వచ్చింది. నిన్న కాలువ దగ్గరికి రమ్మంది. ఎవరన్నా నాతో విజయవాడ రండి. ఇవాళే."

అప్పుడు చివర్న కూర్చున్న సంఘంలో పెద్దావిడ ఆదెమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నేనొస్తా, పదమ్మా" అంటూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోసాగింది.

"కూర్చో" అని వెనక నుంచి వినిపించింది. అన్నది అత్తగారో, ఆ గొంతో తెలియలేదు. హెలెన్ ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.