పన్నెండు సంతకాలు

నాలుగు గంటలకు లారీ వస్తుంది. మగ్గాలన్నీ విప్పి అందులో ఎక్కిస్తారు. ఈ కబురు ప్రేమలత చెవిన పడేసరికే పదకొండు దాటింది.

కొత్తవాడలోని ఆ జంపకానాల సొసైటీలో ఆమె పద్దెనిమిదేళ్లుగా నేస్తోంది. తల్లి పోయాక సభ్యత్వమూ ఆమె పేరనే అయింది. చేతిలో పని వదిలేసి నేరుగా ఆఫీసు గదిలోకి నడిచింది. సొసైటీ అధ్యక్షుడు వెంకట్రాజం, వరసకు ఆమెకు మేనమామ, ఒప్పందం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. మగ్గాలు కొంటున్నది పాత సామాన్ల వ్యాపారి. షెడ్డు గోదాముగా మారుతుందట.

వెంకట్రాజం దొంగ కాదు. భయపడ్డాడు, అంతే. మన దేశం రష్యా నుంచి ముడిచమురు కొంటోందని అమెరికా అధ్యక్షుడు కోపగించి, సుంకాన్ని రెట్టింపు చేసి యాభై శాతానికి తెచ్చాడు. అమెరికాలో వీళ్ల జంపకానాలు అమ్మే దుకాణం ఆర్డరు ఆపేసింది. రెండు నెలలుగా సగం మగ్గాలు మూలుగుతున్నాయి.

"అక్కడ ప్రెసిడెంటు ఒక్క సంతకం పెడితే ఇక్కడ మన మగ్గం బందయింది. నేను సుత ప్రెసిడెంటునే గదనే. నా సంతకం చాలదా?" అన్నాడు వెంకట్రాజం.

పక్క బల్ల దగ్గరున్న కార్యదర్శి హరికృష్ణ, సభ్యుడు కాదు, జీతం మీద పనిచేసేవాడు, మెల్లగా ఫోను ఆమె వైపు జరిపాడు. అందులో అమెరికా దుకాణం వాళ్లు పంపిన ఉత్తరం ఉంది. ఆర్డరు రద్దు చేయలేదు, ఆపామన్నారు. తమలాంటి చిన్న వ్యాపారులే ఆ సుంకాల మీద దావా వేశారని, కింది కోర్టులు తమ వైపే చెప్పాయని, పై కోర్టు తీర్పు దాకా ఓపిక పట్టమని రాశారు. వెంకట్రాజం ఆ ఉత్తరం ఎవరికీ చూపలేదు.

"ఆయన ఒక్కని సంతకం చాలదనే అక్కడోళ్లు కోర్టుకు పోయిన్రు మామా. మనకు గా మాత్రం అడిగే హక్కు లేదా?" అంది ప్రేమలత.

హక్కు ఉంది. నియమావళిలో హరికృష్ణే చూపించాడు. నలభై ఎనిమిది మంది సభ్యుల్లో పన్నెండు మంది రాసిస్తే సర్వసభ్య సమావేశం పెట్టాలి. అది జరిగేదాకా సొసైటీ ఆస్తి అమ్మకూడదు.

రెండు గంటలకల్లా ప్రేమలత పద్నాలుగు సంతకాలతో తిరిగొచ్చింది. షెడ్డులో, సందుల్లో, మగ్గం మీద ఎవరు కనిపిస్తే వాళ్లందరి చేతా పెట్టించింది. హరికృష్ణ పుస్తకం తీసి ఒక్కొక్క పేరే చూశాడు. చూస్తున్నకొద్దీ అతని మొహం వాడిపోయింది.

"అక్కా, ఇందుల పది చెల్లయి. మగ్గం మీద కూసునేది వీళ్లే గని, బుక్కుల పేర్లు వీళ్ల మొగోళ్లయి."

పద్దెనిమిదేళ్లు ఒకే షెడ్డులో పక్కపక్కన కూర్చున్నా ఆమెకు ఆ సంగతే తట్టలేదు. తనదీ కలిపి చెల్లినవి నాలుగు. ఇంకా ఎనిమిది కావాలి.

మగ్గాలు ఆగాక మగవాళ్లు ఎనుమాముల మార్కెట్లో హమాలీకి పోతున్నారు. ప్రేమలత భర్త శేఖర్ ఆటో తీశాడు. పక్క మగ్గం మొగిలమ్మ కూడా ఎక్కింది. మార్కెట్ నిండా పత్తి బస్తాలు, బండ్లు, దుమ్ము. అంత జనంలో ఎవరిని వెతకాలి?

మొగిలమ్మ తిన్నగా వేలం చెప్పే మైకు దగ్గరకు పోయింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె మొగుడి పేరు ఒక్కసారీ నోట పలకలేదు. ఆ వయసు ఆడవాళ్లెవరూ పలకరు. కొంగు బిగించి మైకు అందుకుంది.

"లక్ష్మీనారాయణా! యాడున్నవ్? కొత్తవాడోళ్లందరిని ఎంటబెట్టుకొని రా!"

మార్కెట్ ఘొల్లున నవ్వింది. లక్ష్మీనారాయణ బస్తా పడేసి, ఇంట్లో ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాల ఇంకో ఆరుగురు. మిగతావాళ్లు పత్తి దింపడానికి ఊరి బయట మిల్లుకు పోయారట. వాళ్ల కోసం ఆగే సమయం లేదు. ఏడు సంతకాలూ బస్తాల మీదే అయ్యాయి.

ఆటో సొసైటీ ముందు ఆగేటప్పటికి లారీ వెనక తలుపు తెరిచి ఉంది. రెండు మగ్గాల దూలాలు అప్పుడే ఎక్కించారు. లోపల వెంకట్రాజం చేతిలో కలం. ప్రేమలత కాగితం ఒప్పందం మీదే పెట్టింది. హరికృష్ణ లెక్కపెట్టాడు. పదకొండు.

వ్యాపారి గడియారం చూసుకున్నాడు.

"ఒకటి తక్కువున్నది," అన్నాడు వెంకట్రాజం. గెలిచినట్టుగా మాత్రం అనలేదు.

"నువ్వు సుత సభ్యునివే గద మామా."

అతడు పేర్లన్నీ చదివాడు. చెల్లని పదీ వదల్లేదు. ఆ పది మందీ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, చేతులకు ఇంకా నూలు పీచు అంటుకుని. వెంకట్రాజం కలం ఎత్తి, పదకొండో పేరు కింద తన పేరు రాశాడు. తర్వాత వ్యాపారితో లారీ ఖాళీ చేయించమన్నాడు.

"ఆదివారమే మీటింగు పెడ్త. అండ్ల నన్ను దించుతరానే?"

"దించుడెందుకు మామా. అందరిని అడిగి చెయ్, గంతే."

హరికృష్ణ నోటీసు పుస్తకం తెరిచి, మొదటి అంశం ఏం రాయాలని అడిగాడు. అధ్యక్షుడు నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర నుంచి మొగిలమ్మ జవాబిచ్చింది.

"మా పది మంది పేర్లు బుక్కుల ఎక్కించుడని రాయి. అమెరికా ముచ్చట ఆ యెన్క."

వెంకట్రాజం తలూపాడు. హరికృష్ణ రాసుకున్నాడు.