జానెడెత్తు లేచే లేతు

తెల్లవారగానే స్నానం చేసి, కొబ్బరాకు దొన్నెల్లో పూలు సర్దుకుని ఒక్కొక్క చోటా పెట్టుకుంటూ రావడం రెంపెని దినచర్య. ముందు పొయ్యికి, తరవాత బావికి, వీధి గుమ్మానికి, ఆఖరుకి షెడ్డులో ఉన్న లేత్ మిషనుకి. బాలి ఉత్తరపు ఒడ్డున, పడవ ఇంజన్లకి షాఫ్టులు చేసే షెడ్డు అది. పోయిన పండుగ నుంచి అందులో చప్పుడు లేదు. అయినా లేతుకి పువ్వు తప్పలేదు. ఆడనంత మాత్రాన దానికి ఆకలి ఉండదా అనేది రెంపెని.

ఆ లేతుని ఆవిడ భర్త జావా నుంచి పడవలో తెచ్చాడు. ఏడు నెలలకొకసారి ఇనుముకి పండుగ వస్తుంది అక్కడ, తుంపెక్ లండెప్ అంటారు. ఆ రోజు కత్తి మొదలు స్క్రూడ్రైవరు దాకా పదునున్నవీ, పని చేసేవీ అన్నీ తెల్లగుడ్డ కింద విశ్రాంతి తీసుకోవాలి, పూజ అందుకోవాలి. పూజ అందగానే లేతు నేల విడిచి జానెడెత్తు లేస్తుంది. పొద్దు గూకాక దిగుతుంది. అడుగున పేరుకున్న ఇనుప రజనూ, నూనె మడ్డీ ఊడ్చుకోవడానికి అదే అదను. రెంపెని కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు చేతికి చీపురిచ్చి, "మూలలు వదలకు" అని మాత్రం చెప్పింది.

భర్త తరవాత చిన్నకొడుకు కదెక్ ఆ లేతు మీద పని చేశాడు. కదెక్ జ్వరంతో పోయాక అతని భార్య మెర్తాసి అందుకుంది. మగడి పక్కన నిలబడి నేర్చుకున్న పని. అంతా సవ్యంగానే సాగేది గానీ, పట్నం నుంచి వచ్చిన ఎలక్ట్రీషియనొకడు పాత తీగ తీసేసి, స్టార్టరు పెట్టె నుంచి మోటారుకి కొత్త తీగ లాగాడు. వీణ తీగలా బిగించి, ఎంత నీటుగా ఉందో చూడమన్నాడు. పోయిన పండుగకి లేతు లేచింది. తీగ సాగలేదు. ఊడి, నిప్పులు రాలి, స్టార్టరు మాడిపోయింది.

పెద్దకొడుకు గెడే డెన్‌పసార్ నుంచి వచ్చి కూర్చున్నాడు.

"మేమే, నే చెప్పేది విను" అన్నాడు తల్లితో. మేమే అంటే వాళ్ళ భాషలో అమ్మ. "ఈ సందులోకి క్రేను రాదు. పండుగనాడైతే ఇద్దరు నెడితే లారీ దాకా వస్తుంది. పాత మిషన్లు కొనే ముల్యోనోని ఆ రోజే రమ్మన్నాను. కొంటానన్నాడు."

"పండుగపూట అమ్ముతావుట్రా?"

"మర్నాడైతే ఎవరెత్తుతారు, నువ్వా? మెర్తాసికి మా ఆవిడ లాండ్రీలో పని చూశాను. నీడపట్టున ఉంటుంది."

మెర్తాసి కాఫీ గ్లాసు అతని ముందు పెట్టింది. "బ్లీ, ఈలోపు స్టార్టరు బాగుచేస్తే?" బావగారినైనా అన్న అనే పిలుస్తారు వాళ్ళు.

"చెయ్యమ్మా. తిరిగే మిషనంటే ముల్యోనో ఎగిరి గంతేస్తాడు."

మర్నాడు పొద్దున్నే మెర్తాసి మెయిన్ ఆపి, స్టార్టరు పెట్టె మూత విప్పి కూర్చుంది. రెంపెని పక్కనే దొన్నెలు కుడుతూ చూసింది. లోపల చీమలు పుట్ట పెట్టాయి. వాటిని చంపకుండా ఈకతో తోసి, బెల్లం ముక్క వేసి బయటికి పంపింది పిల్ల. మాడిన కాయిల్ తీసి కొత్తది పెట్టింది. నల్లబడిన కాంటాక్టులు మార్చింది. మూడు ఫేజులకీ గుర్తుగా గుళ్ళో కట్టుకున్న చేతి దారం విప్పి, ఎరుపూ తెలుపూ నలుపూ పోగులు విడదీసి తీగకొకటి చుట్టింది. పిల్లదానికి జడ వేసినంత పొందిగ్గా తీగలన్నీ మలిచింది. ఆ వేళ్ళలో తొందర లేదు, భయం లేదు. కోడలి చేతుల్ని అంతసేపు చూడడం రెంపెనికి అదే మొదటిసారి. తను దేవుడికి పూలు పెట్టేటప్పుడు కూడా ఇంత నిదానం ఉండదేమో అనుకుంది.

మెయిన్ వేసి పచ్చ బొత్తాం నొక్కితే స్టార్టరు టక్కున పట్టుకుంది, వేలు తియ్యగానే వదిలేసింది.

"పట్టు నిలవట్లేదు మేమే" అని మళ్ళీ మెయిన్ ఆపింది మెర్తాసి. వేలు తీశాక కూడా పట్టి ఉంచే సన్నతీగ ఒకటుంటుంది, అది సరిగా బిగియలేదు. బిగించింది. ఈసారి పట్టు నిలిచింది గానీ లేతు వెనక్కి తిరిగింది. ఆపి, ఎర్రపోగు తీగనీ తెల్లపోగు తీగనీ అటుదిటు మార్చింది. లేతు ముందుకి తిరిగింది. ఇన్నాళ్ళకి ఆ హోరు వినేసరికి రెంపెని సూది పక్కన పెట్టేసింది.

"కదెక్ తీగకి చుట్ట ఉండేదే. మేకుకి వేలాడేది. దండగ అని తిట్టేదాన్ని."

"ఎంతుండేది మేమే?"

"మూరెడు."

మెర్తాసి మెయిన్ ఆపి, ఆ బిగుతు తీగ తీసేసి కొత్తది కోసింది. చుట్ట మీద చుట్ట వేసి మేకుకి తగిలించింది.

"మూరెడన్నానే."

"వానకి ముడుచుకుంటుందేమోనని."

"రాగి తీగా ముడుచుకునేది?"

మెర్తాసి నవ్వి, మూత బిగించేసింది. రెంపెని మళ్ళీ సూది అందుకుంది.

పండుగ వచ్చింది. స్క్రూడ్రైవర్లూ, పటకార్లూ, కూరకత్తీ అన్నీ తెల్లగుడ్డ కింద చేరాయి. గెడే జేబులోని చాకు కూడా తీసి తనే అక్కడ పెట్టాడు. ముల్యోనో ఇద్దరు మనుషులతో వచ్చి, పూజ అయ్యేదాకా గుమ్మం బయటే నిలబడ్డాడు. తీర్థం చిలకరించగానే లేతు లేచింది. రెంపెని కింద శుభ్రంగా ఊడ్చింది.

"ఇక నెట్టండి" అన్నాడు గెడే.

నీళ్ళ మీది దోనెలా కదిలింది లేతు. మేకు మీది చుట్టలు ఒక్కొక్కటే విడిపోయాయి. సగం గుమ్మం దాటేసరికి తీగ బిగిసింది, లేతు ఆగింది.

"తీగ విప్పమ్మా."

"దేంతో విప్పను బ్లీ?"

అందరూ తెల్లగుడ్డ వైపు చూశారు.

"నిన్ననే విప్పి పెట్టుకోవద్దూ" అన్నాడు గెడే.

"మీరు చెప్పలేదు."

"పంటితో కొరకమంటావా అయితే?"

"పళ్ళు మీవి. నేనేమంటాను."

ముల్యోనో మనిషొకడు నవ్వు ఆపుకుంటూ, లారీలో కటింగ్ ప్లయరుందన్నాడు. అతను లారీ దగ్గరికి వెళ్ళేలోపే రెంపెని దొన్నె పట్టుకుని వెళ్ళి, ఆ పనిముట్ల పెట్టె మీద పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

"దానికీ పండుగే కదా నాయనా" అంది మెల్లగా.

ముల్యోనో తలగోక్కున్నాడు. "పెద్దావిడ పువ్వు పెట్టాక నేనెలా తెరిపిస్తాను గెడే? మా అమ్మకి తెలిస్తే ఊరుకోదు."

అందరికీ పసుపన్నం పెట్టింది మెర్తాసి. తింటూ కూర్చున్నారు. పొద్దు గూకగానే లేతు అక్కడికక్కడే దిగింది, సగం షెడ్డులో, సగం వీధిలో. ముల్యోనో దాని మీద చెయ్యి వేసి ఒకసారి ఊపి చూశాడు. మళ్ళీ పండుగకి కబురు చెయ్యమని చెప్పి లారీ ఎక్కాడు.

గెడే ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. పొద్దున్న హోరుకి మెలకువ వచ్చింది. సముద్రం వైపు నుంచి ఎండ నేరుగా లేతు మీద పడుతోంది. మెర్తాసి ఒక జాలరి తెచ్చిన వంగిన షాఫ్టు వంకర తీసి, లేతు నడిమికి సరిగ్గా కుదిర్చి బిగించింది. ఉలి తగలగానే నీలం రంగు రజను ముంగురుల్లా లేచి పడుతోంది. పచ్చ బొత్తాం మీద వేలు లేదు, అయినా స్టార్టరు పట్టు వదల్లేదు. లోపలున్నంత కాలం ఆ లేతు ఉన్నట్టు వీధికి తెలిసేది కాదు. ఇప్పుడు దారినపోయే జాలర్లు ఆగి చూసి, ఇంటికెళ్ళి తమ షాఫ్టులు పట్టుకొస్తున్నారు.

లేతు ఆగాక గెడే దగ్గరికి వచ్చాడు. షాఫ్టు మీద వేలు పెట్టి నిమిరాడు. ఎక్కడా గీత తగల్లేదు. తమ్ముడి చేతిపనిలాగే ఉంది. కాదు, ఇంకా నునుపుగా ఉంది.

"వానొస్తే తడుస్తుంది. రేకులు ముందుకి వేయించాలి" అన్నాడు.

"లాండ్రీ వాళ్ళు ఎదురుచూస్తుంటారేమోరా" అంది రెంపెని.

"చూసుకుంటార్లే మేమే, వేరే మనిషిని."

ఏడు నెలలు గడిచి పండుగ తిరిగొచ్చింది. ముల్యోనోకి ఎవరూ కబురు చెయ్యలేదు. కొత్త రేకుల కింద లేతు జానెడెత్తు లేచింది. మెర్తాసి పూజలో ఉంది. రెంపెనికి నడుం వంగడం లేదు. ఆవిడ చుట్టూ చూసి, చీపురు తీసుకెళ్ళి గెడే చేతికిచ్చింది.

"మూలలు వదలకు" అంది.